ముప్పై ఏడు వేలిముద్రలు

"నీ బొటనవేలు ఇటివ్వు రమణమ్మా."

రమణమ్మ చెయ్యి చాపింది. సుభద్ర ఆ వేలిని ప్యాడ్ మీద అద్ది, తెల్లకాగితం మీద ఒత్తి, మెల్లిగా ఎత్తింది. కాగితం మీద పడింది వేలిముద్ర కాదు. ఒట్టి మరక. గీతల్లేవు, సుడి లేదు.

"ఇంకోసారి."

రెండోసారీ మరకే. ఎడమచేతి వేలు వేయించింది. అదీ అంతే.

"ఈ వేళ్ళకేమైంది?"

"మామిడి సొనమ్మా. తొడిమ తుంచగానే చిమ్ముతుంది కదా. ఏప్రిల్ నించీ కోతల్లోనే ఉన్నాం. తోలు ఊడుద్ది, కొత్తది వచ్చేలోపు మళ్ళీ ఊడుద్ది. ఈ రోజుల్లో మా పేటలో ఎవరి వేళ్ళు చూసినా ఇంతే."

సుభద్ర తన సంచిలోంచి కార్డుల కట్ట తీసి విప్పింది. రిజిస్టర్డ్ ఉత్తరం అందుకున్నవాళ్ళు సంతకమో వేలిముద్రో వేసి తిప్పి పంపే రసీదు కార్డులవి. మొత్తం ముప్పై ఏడు. మూడోది పైకి తీసింది. దాని మీద రమణమ్మ పేరుంది. పేరు కింద వేలిముద్ర ఉంది. ఒక్కొక్క గీతా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉంది.

"ఇది నీది కాదు," అంది సుభద్ర.

"కాదని ముందే చెప్పానుగామ్మా."

"చెప్పావు. ఇప్పుడు కాగితం కూడా చెప్పింది."

అప్పటికి శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నర. 1987 మే ఇరవై రెండో తారీఖు.

సుభద్ర పోస్టల్ డిపార్టుమెంటులో కంప్లయింట్స్ ఇన్‌స్పెక్టరు. ఉత్తరాలు పోయినా, ఒకరివి ఇంకొకరికి చేరినా విచారించి రిపోర్టు రాయడం ఆమె ఉద్యోగం. నలభై రెండేళ్ళ మనిషి. పదమూడేళ్ళ కిందట ఇదే ఈదులపాడు పోస్టాఫీసులో మూడేళ్ళు గుమాస్తాగా చేసింది. అందుకే రమణమ్మ ఎవరిచేతో రాయించిన ఫిర్యాదు కార్డు నేరుగా ఆమె పేరు మీదే వచ్చింది. ఆ కార్డు మీద ఈదులపాడు ముద్ర లేదు. ఆగిరిపల్లి ముద్ర ఉంది. ఊళ్ళో పోస్టు డబ్బా ఉండగా మండుటెండలో పక్క ఊరిదాకా నడిచివెళ్ళి అక్కడి డబ్బాలో వేసిందంటే, ఊళ్ళో డబ్బాని జనం ఎంత నమ్ముతున్నారో ఆ ముద్రే చెబుతోంది.

మార్చి నెలాఖరు దాకా ఈదులపాడులో సర్కారు పోస్టాఫీసు ఉండేది. రాబడి చాలట్లేదని డిపార్టుమెంటు దాన్ని మూసేసి, ఏప్రిల్ ఒకటి నుంచి ఏజెన్సీకి ఇచ్చింది. మామిడి వ్యాపారి కొత్తమాసు వీరరాఘవయ్య ఏజెంటు. ఆయన ప్యాకింగ్ షెడ్డు ముందుగదిలోనే ఇప్పుడు స్టాంపులు అమ్ముతారు, తపాలా సంచీ విప్పుతారు. చేసేవాళ్ళు ఆయన మనుషులు, చేసినదానికి డిపార్టుమెంటు కమిషన్ ఇస్తుంది.

రమణమ్మ కథ చిన్నదే. కొండవాలులో డెబ్భై ఎకరాల బంజరు పదేళ్ళ కిందట ముప్పై ఏడు కూలి కుటుంబాలకి పట్టాలయింది. వాళ్ళు అక్కడ సాగు చెయ్యట్లేదనీ, పట్టాలు రద్దు చెయ్యాలనీ ఎవరో అర్జీ పెట్టారు. సోమవారం పదకొండు గంటలకి కాగితాలతో హాజరు కమ్మని రెవెన్యూ ఆఫీసు అందరికీ రిజిస్టర్డ్ నోటీసులు పంపింది. రాకపోతే భూమి పోయినట్టే. ఒక్కరికీ నోటీసు చేరలేదు. కూతురి సర్టిఫికెట్టు కోసం బుధవారం రెవెన్యూ ఆఫీసుకి వెళ్ళిన రమణమ్మని అక్కడి గుమాస్తా, "నోటీసు తీసుకుని ఇంకా మాటా పలుకూ లేదేమమ్మా?" అని అడిగాడు కాబట్టి సంగతి బయటపడింది.

ఆ ఆఫీసు నుంచి సుభద్ర తెచ్చుకున్న కార్డులన్నిటి మీదా ఒకటే తేదీ. సోమవారం, మే పద్దెనిమిది. పంచినవాడు చిన్నరాయప్ప, పాత ఆఫీసు నాటినుంచీ ఊరి పోస్ట్‌మన్. సాక్షి సంతకం యలమందది, అంటే వీరరాఘవయ్య తోటల మేస్త్రీది.

చిన్నరాయప్ప మంగళవారం నుంచి కనిపించడంలేదు.

---

చిన్నరాయప్ప ఇల్లు పేట చివర. అతని భార్య రిబ్కమ్మ గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. సుభద్రని చూసి లేచింది కానీ చేతిలో చేట దించలేదు.

"మీ ఆయన ఎక్కడ రిబ్కమ్మా?"

"నాకేం తెలుసమ్మా. పారిపోయాడని యలమంద ఊరంతా టాంటాం వేస్తన్నాడు. మీరూ ఆ మాట చెప్పడానికే వచ్చారా?"

"ఏటి కాలవ పొంగిన ఏడాది మెడలోతు నీళ్ళలో సంచీ నెత్తిన పెట్టుకుని దాటొచ్చిన మనిషి అతను. నేను కౌంటర్లో ఉండి చూశాను. అతను ఉత్తరాలతో పారిపోయాడంటే నేను నమ్మను. చెప్పడం నీ ఇష్టం."

రిబ్కమ్మ చేట పక్కన పెట్టి, లోపలికి రమ్మన్నట్టు తల ఊపింది. తలుపు దగ్గరగా వేసింది.

"సోమవారం సాయంత్రం ఇంటికొచ్చి అన్నం ముట్టలేదమ్మా. చొక్కా లోపల దోపుకుని ఉత్తరాలు తెచ్చాడు. అన్నీ అంటించినవి అంటించినట్టే ఉన్నాయి. కొట్టులో గంపకింద దాచి ఉంటే ఎవరూ చూడకుండా తీసుకున్నాడంట. ఇవి పంచకుండానే పంచినట్టు రాశారే, నా పేరు పెట్టారే అని ఒకటే గొణిగాడు. పేటలో పంచబోతే యలమంద మనుషులు లాక్కుంటారని భయపడ్డాడు. తెల్లారగానే నూజివీడు వెళ్ళి పెద్దాఫీసులో ఒప్పజెప్పి వస్తానన్నాడు. వెళ్ళాడు. తిరిగి రాలేదు."

"బతికే ఉన్నాడా?"

"ఉన్నాడు." ఆమె గొంతు తగ్గించింది. "విస్సన్నపేట దగ్గర మా తమ్ముడు కాపలా ఉండే తోటలో ఉన్నాడు. నిన్న బస్సు కండక్టరుతో కబురు పంపాడు. నా కోసం ఎవరొచ్చి అడిగినా తెలీదను, ఆఫీసువాళ్ళు అడిగినా అదే చెప్పు అన్నాడంట. ఏం జరిగిందో నాకు తెలీదు. ఉత్తరాలు అతని దగ్గరే ఉన్నాయి."

"ఆఫీసువాళ్ళు అడిగినా చెప్పొద్దన్నాడా?"

"అదే మాటమ్మా. మీరు గనక చెప్పాను. ఎవరితోనూ అనకండి."

"అనను," అంది సుభద్ర.

ఆ మాట మనసారానే అంది. అది మూడు గంటలు కూడా నిలవదని అప్పుడామెకి తెలీదు.

---

ప్యాకింగ్ షెడ్డు ముందు రెండు లారీలు నిలబడి ఉన్నాయి. ఒకటి కలకత్తాకి, ఒకటి నాగపూరుకి. చెక్కపెట్టెల్లో వరిగడ్డి పరిచి చిన్నరసాలు సర్దుతున్నారు. మేకులు కొట్టే చప్పుడుకి మాట వినపడటం కష్టంగా ఉంది. సుభద్ర అక్కడికి చేరేటప్పటికి పన్నెండు దాటింది. పేటలో ఇంకో పదకొండుమంది వేళ్ళు పరీక్షించి వచ్చింది. పదకొండూ మరకలే.

వీరరాఘవయ్య అరవై ఏళ్ళ మనిషి. తెల్లటి పంచె, భుజం మీద మడతపెట్టిన కండువా. ఎదురొచ్చి కుర్చీ వేయించాడు.

"మజ్జిగ పుచ్చుకుంటారా అమ్మా?"

"ముందు పని కానివ్వండి. చిన్నరాయప్ప ఎప్పట్నుంచి రావట్లేదు?"

"మంగళవారం నుంచి. సోమవారం నోటీసులన్నీ పంచేశాడు. వేలిముద్రలు వేయించుకొచ్చాడు. మా యలమంద సాక్షి సంతకం పెట్టాడు. మర్నాడు చూస్తే మనిషి లేడు."

"అన్నీ పంచేసినవాడు ఎందుకు పారిపోతాడండీ?"

వీరరాఘవయ్య కండువా సర్దుకున్నాడు. "అదే మాకూ అంతుపట్టట్లేదు."

"సోమవారం నూజివీడు నుంచి సంచీ ఎన్నింటికి వచ్చింది?"

"పొద్దున బస్సుకి. తొమ్మిది నలభైకి. రోజూ అంతే కదమ్మా."

"తిరుగు సంచీ?"

"నాలుగింటికి కడతాం."

"ఆరుగంటల పైన టైముంది. ముప్పై ఏడు ఇళ్ళు తిరగొచ్చు."

"తిరిగాడు కాబట్టే కార్డులొచ్చాయి."

సుభద్ర సంచిలోంచి ఒక చీటీ తీసింది. "ఇది నూజివీడులో ఇవాళ పొద్దున రాయించుకొచ్చాను. సోమవారం పొద్దున బస్సు డిపోలోంచే బయటికి రాలేదు. మీ ఊరి సంచీని మధ్యాహ్నం రెండున్నర బస్సుకి వేశారు. అది ఇక్కడికి మూడుంబావుకి వచ్చింది. మూడుంబావుకి వచ్చిన సంచీలో ఉత్తరాలు, నాలుగింటికి కట్టిన సంచీలో కార్డులు. మధ్యలో నలభై ఐదు నిమిషాలు. పేటంతా తిరిగి, కొండకింద గుడిసెలకి వెళ్ళి, కాలవ అవతల ఏడిళ్ళు చూసుకుని, అందరిచేతా వేలిముద్రలు వేయించుకుని వచ్చాడా? అదీ జనమంతా కోతల్లో ఉన్న వేళ?"

వీరరాఘవయ్య చీటీ అందుకుని చూసి తిరిగిచ్చాడు.

"టైములు రాసేది మా కోడలమ్మా. ఏదో పొరపాటు పడుంటుంది. దానిదేముంది?"

"మీ కోడలిగారితో మాట్లాడాలి."

ఆయన ఏదో అనబోయేలోపు షెడ్డు ముందు డిపార్టుమెంటు జీపు ఆగింది. అందులోంచి అసిస్టెంట్ సూపరింటెండెంట్ నారాయణరావు దిగాడు. వీరరాఘవయ్యకి ప్రాణం లేచొచ్చినట్టయింది.

---

ఈదులపాడు ఆఫీసుని ఏజెన్సీకి మార్చమని సిఫారసు చేసింది నారాయణరావే. ఆయన దగ్గర ఇంకో పంతొమ్మిది ఆఫీసుల జాబితా ఉంది. లంచం ముట్టే మనిషి కాదు. రూలు పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అప్పజెప్పగలడు. సుభద్రకి ఆయనంటే గౌరవమూ ఉంది, విసుగూ ఉంది. ఆమెను వరండా చివరికి తీసుకెళ్ళాడు.

"పేటలో అందరి వేళ్ళకీ సిరా పూశారట. ఏమిటిది సుభద్రగారూ?"

"కార్డుల మీది వేలిముద్రలు ఆ మనుషులవి కావు సార్. ముప్పై ఏడూ ఒకటే వేలు. భూతద్దంలో చూశాను. అన్నిటిలోనూ మధ్యన ఏటవాలుగా ఒక కోత గీత ఉంది."

"చిన్నరాయప్ప వేలై ఉంటుంది. దొంగముద్రలు వేసి, భయపడి పారిపోయాడు. సరిపోయిందిగా?"

"నలభై ఐదు నిమిషాల్లో కార్డులు తయారయ్యాయి. అవి ఈ కప్పు కిందే తయారయ్యాయి."

"అది మీ ఊహ. ఏజెంటు బాధ్యతగల మనిషి. ఏజెంటు పెట్టుకున్న నౌకరు తప్పుచేస్తే అది ఏజెంటు చూసుకుంటాడు. డిపార్టుమెంటుకి అంటదు. ఈ పద్ధతిలో ఉన్న సుఖమే అది."

"ఇరవై రెండేళ్ళు మన సంచీ మోశాడండీ అతను."

"ఏప్రిల్ ఒకటి నుంచి మన మనిషి కాదు."

"అయితే ఎవరి మనిషి? అతనికి అన్యాయం జరిగితే ఎవరికి చెప్పుకోవాలి?"

"వాళ్ళ యజమానికి. రూలదే." నారాయణరావు గొంతు కటువుగానే ఉన్నా, అందులో అలసట కూడా వినిపించింది. "మీరు ఈ ఊళ్ళో పనిచేశారు. ఆ పాత ఆఫీసు మీద మీకు మమకారం ఉంది. నాకూ ఉంటుంది. కానీ రోజుకి పదిహేను ఉత్తరాలు రాని ఆఫీసుకి ముగ్గురు మనుషుల్నీ అద్దె ఇంటినీ ఎన్నాళ్ళు మోస్తాం? ఒక్క దొంగ వల్ల స్కీమంతా పాడు కావడం నాకిష్టం లేదు. అతను పరారీలో ఉన్నాడని రిపోర్టు టైపు చేయించి తెచ్చాను. మీరు సంతకం పెట్టండి. సాయంత్రం పోలీసులకిస్తాను."

కాగితం ఆమె ముందుకి చాపాడు. పైన చిన్నరాయప్ప పేరు, తండ్రి పేరు, వయసు. కింద, ఉత్తరాలు దొంగిలించి పరారైన వ్యక్తి అని ఉంది.

పోలీసులంటూ దిగితే రిబ్కమ్మని స్టేషనుకి లాక్కెళతారు. సోమవారం వచ్చేస్తుంది. ముప్పై ఏడు పట్టాలు పోతాయి. ఆ కాగితం వంక చూస్తుంటే సుభద్రకి ఒళ్ళు మండింది.

"అతను పరారీలో లేడు! ఉత్తరాలు అతని దగ్గర భద్రంగా ఉన్నాయి. ఒక్కటి కూడా విప్పలేదు. విస్సన్నపేటలో అతని బావమరిది కాపలా ఉండే తోటలో ఉన్నాడు. సోమవారం నేనే అతన్ని తీసుకొచ్చి రెవెన్యూ ఆఫీసులో నిలబెడతాను. ఈ కాగితం మీద నేను సంతకం పెట్టను."

నోటినుంచి మాట జారిన క్షణంలోనే రిబ్కమ్మ ముఖం గుర్తొచ్చింది. కానీ ఎదురుగా ఉన్నది తన పై అధికారి. ఎప్పటికైనా ఆయనకి తెలియాల్సిందే కదా అని మనసుకి సర్దిచెప్పుకుంది.

నారాయణరావు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "బతికే ఉన్నాడన్నమాట. సరే. మంచిదే. మీ విచారణ మీరు కానివ్వండి."

ఆయన లోపలికి వెళ్ళాడు. సుభద్ర చేతి గడియారం చూసుకుంది. ఒంటిగంట పది నిమిషాలు.

---

పోస్టాఫీసు గది అంటే, పెట్టెలు పేర్చిన గదిలో ఒక బల్ల. గోడకి డిపార్టుమెంటు బోర్డు, దాని పక్కనే మామిడి ధరల పలక. బల్ల మీద తేదీ ముద్ర, తూకం, ఒక రిజిస్టరు. రెండు సిరా ప్యాడ్లున్నాయి. ఒకటి నల్లది, ఉత్తరాల మీద ముద్ర కొట్టడానికి. రెండోది ఊదారంగుది, పెట్టెల మీద చీటీలకి వ్యాపారం ముద్ర కొట్టడానికి.

సుభద్ర ఒక కార్డు తీసి చూసింది. పైన తేదీ ముద్ర నలుపు. వేలిముద్ర ఊదా.

చిన్నరాయప్ప ఇల్లిల్లూ తిరిగి వేలిముద్రలు వేయించుకుని ఉంటే డిపార్టుమెంటు ఇచ్చిన నల్ల ప్యాడే పట్టుకెళ్ళేవాడు. ఊదా ప్యాడ్ ఈ బల్ల దాటి వెళ్ళదు.

రిజిస్టరు తిరగేసింది. ఏప్రిల్ ఒకటి నుంచి ప్రతి రోజూ సంచీ వచ్చిన టైము తొమ్మిది నలభై. ముత్యాల్లాంటి చేతిరాత.

బల్లకి అవతల కూర్చున్న మనిషి ఆ రాత రాసింది. వీరరాఘవయ్య కోడలు కమల. ముప్పై లోపే ఉంటుంది. భర్త సీజనంతా కలకత్తా మార్కెట్లోనే ఉంటాడు. టెన్త్ పాసైంది కాబట్టి కాగితం మీద ఏజెంటు మామగారైనా పోస్టాఫీసు నడిపేది ఆమే.

"రోజూ తొమ్మిది నలభైకేనా వచ్చేది?"

"అలవాటుగా రాసేస్తానండీ." కమల తల ఎత్తలేదు.

"సోమవారం మూడుంబావుకి వచ్చింది."

"గుర్తులేదండీ."

"నాలుగింటికి సంచీ కట్టింది ఎవరు?"

"నేనేనండీ."

"అందులో కార్డులు పెట్టింది?"

"నేనే."

"కార్డులు ఎవరిచ్చారు? చిన్నరాయప్పా?"

కమల కుడిచేతి పిడికిలి బిగించింది. బొటనవేలు లోపలికి దాచుకునేలా బిగించింది. సుభద్ర అది చూసింది. చూసినట్టు కనిపించకుండా రిజిస్టరు మూసి, కుర్చీ కొంచెం ముందుకి జరుపుకుంది.

"కమలగారూ, మీరు మామిడికాయలు కోస్తారా?"

"లేదండీ. మేం కోతలకి వెళ్ళం."

"కోసేవాళ్ళ వేళ్ళు చూశారా ఎప్పుడైనా?"

"డబ్బులు తీసుకునేటప్పుడు చూస్తానండీ. సొనకి కాలిపోయి ఉంటాయి."

"ఈ కార్డుల మీద ముప్పై ఏడుమంది కూలీల వేలిముద్రలున్నాయి. ఒక్కటీ కాలలేదు. అందరికీ ఒకే చోట, ఒకేలా తెగి ఉంది. మీ వేలు ఎప్పుడు తెగింది?"

మేకుల చప్పుడు ఒక్కసారిగా ఆగింది. లారీ స్టార్టయిన శబ్దం, ఎవరో అరుస్తున్న అరుపు. మళ్ళీ మేకులు.

కమల పిడికిలి విప్పి చెయ్యి బల్ల మీద పెట్టింది. బొటనవేలి మధ్యన ఏటవాలుగా పాత కోత. గోరు చుట్టూ ఎంత తోమినా పోని ఊదా చార.

"నిరుడు ఆవకాయ ముక్కలు కొడుతుంటే తెగిందండీ," అంది. చెంపల మీద నీళ్ళు కారాయి. "నాలుగు రోజుల్నుంచి నిమ్మకాయతో రుద్దుతున్నా. పోవట్లేదు."

సుభద్ర తలుపు దగ్గరికి వెళ్ళి బయటికి చూసి, దాన్ని దగ్గరగా వేసి వచ్చింది.

"ఎవరు వేయించారు?"

"మా మామయ్యగారు. సంచీ రాగానే నోటీసుల కట్ట పక్కన పెట్టించారు. చిన్నరాయప్పని ఏదో పనిమీద తోటకి పంపారు. ముందు చిత్తుకాగితం మీద యలమంద వేలు వేయించారండీ, మసకగా పడింది. ఇలాంటివి వెనక్కి పంపేస్తారు, నీ వేలు శుభ్రంగా ఉంటుంది, ఇటివ్వమ్మా అన్నారు. ఇవాళ టైము దాటిపోయింది కాబట్టి పంచినట్టు రాస్తున్నాం, రేపు పొద్దున పంచేస్తారు అన్నారు. నేను నమ్మాను." ఊదా చార మీద గోటితో గీకింది. "నమ్మానని చెప్పుకుంటున్నానండీ. పదో కార్డు దగ్గరే నాకు తెలుసు."

"ఆ కొండవాలు మీద అర్జీ పెట్టింది ఆయనేనా?"

"యలమంద పేరుతో పెట్టించారు. భూమి చేతికొస్తే కొండకింద తోటలో కలిపేస్తారు."

"చిన్నరాయప్పకి ఎప్పుడు తెలిసింది?"

"తోటనుంచి వచ్చేటప్పటికి ఆఖరి కార్డు మీద వేస్తున్నా. గుమ్మంలో నిలబడి చూశాడు. ఒక్క మాట అనలేదు. అమ్మా, నా పేరు ఎందుకు రాశారమ్మా అని మాత్రం అడిగాడు." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "గంపకింద ఉత్తరాలు అతను తీసుకోవడం నేను చూశానండీ. చూడనట్టు తల తిప్పుకున్నా. నేను చేసిన మంచిపని అదొక్కటే."

సుభద్ర కాగితం తీసి ఆ మాటలన్నీ రాసింది. చదివి వినిపించింది. ప్రతి వాక్యానికీ కమల తలూపింది. కింద సంతకం పెట్టి, అడక్కుండానే నల్లప్యాడ్ మీద వేలు అద్ది, సంతకం పక్కన ముద్ర వేసింది.

"ఈ కాగితం ఇచ్చాక ఈ ఇంట్లో మీకు ఎలా ఉంటుందో ఆలోచించారా?"

"ఆలోచించడానికి నాలుగు రోజులు దొరికాయి కదండీ."

టైము రెండుంబావు దాటింది. సుభద్రకి ఒక్క సందేహం మిగిలిపోయింది. మంగళవారం పొద్దున చిన్నరాయప్ప నూజివీడు వెళ్ళాడు. ఉత్తరాలు ఒప్పజెప్పడానికే వెళ్ళాడు. మరి ఒప్పజెప్పకుండా ఎందుకు పారిపోయాడు?

ఆ మాటే అడిగింది.

"ఫోనొచ్చిందండీ ఆ రోజు," అంది కమల. "పదిన్నరకి. నేనే ఎత్తాను. మీ మనిషి ఇక్కడ కూర్చున్నాడు, ఏవో ఉత్తరాలు తెచ్చి గొడవ చేస్తున్నాడు, వచ్చి తీసుకెళ్ళండి అన్నారు. మామయ్యగారికి ఇచ్చాను. వెంటనే జీపులో యలమందనీ ఇంకో ఇద్దర్నీ పంపారు. వాళ్ళు వెళ్ళేసరికి దూరం నుంచే జీపు చూసి వెనకదారిన దూకి పోయాడట."

సుభద్ర చేతిలో కలం ఆగిపోయింది. "ఫోను చేసిందెవరు?"

"పేరు చెప్పలేదండీ. మీ ఆఫీసు నుంచే. కానీ ఆ గొంతు ఇందాక వరండాలో మళ్ళీ విన్నాను."

---

నారాయణరావు పక్కగదిలో ఫోను దగ్గర కూర్చుని రిపోర్టు కాగితం వెనకవైపు ఏదో రాసుకుంటున్నాడు. ఎదురుగా ఖాళీ కుర్చీ. దాని చేతి మీద మడతపెట్టిన కండువా.

"వీరరాఘవయ్యగారేరి?"

"బయటికెళ్ళారు."

"ఎక్కడికి సార్?"

"వాళ్ళ మనిషిని తెచ్చుకోవడానికి." నారాయణరావు కళ్ళజోడు తీశాడు. "ఎందుకలా చూస్తారు? మీరు ఆచూకీ చెప్పారు. అతని యజమానికి తెలియజెయ్యడం నా విధి. మంగళవారం కూడా అదే చేశాను. ఆ రోజు ఆగకుండా పారిపోయి తన మీద తనే అనుమానం తెచ్చుకున్నాడు."

"ఎవరెవరు వెళ్ళారు?"

"ఆయనా, మేస్త్రీ, ఇంకో ఇద్దరు."

సుభద్ర కమల వాఙ్మూలం ఆయన ముందు పెట్టింది. ఆయన చదివాడు. మొదటి పేజీ మామూలుగానే చదివాడు. రెండో పేజీలో ఆయన వేలు వాక్యాల వెంట నెమ్మదిగా నడిచింది. చివరికొచ్చి మళ్ళీ మొదటికి వెళ్ళాడు.

"అతను నా బల్ల ముందు నిలబడ్డాడు," అన్నాడు చివరికి. "కట్ట విప్పి చూపించబోయాడు. నీ యజమాని వచ్చాక మాట్లాడదాం, కూర్చో అన్నాను. బెంచీ మీద కూర్చోబెట్టాను."

"ఎంతసేపైంది వాళ్ళు వెళ్ళి?"

"మీరు లోపలికి వెళ్ళగానే. ఒంటిగంటా ఇరవై."

కమల గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"మంగళవారం ఉత్త చేతుల్తో తిరిగొచ్చినప్పుడు మామయ్యగారు యలమందతో ఒక మాటన్నారండీ. నేను వంటింట్లోంచి విన్నాను." ఆమె గోడ పట్టుకుంది. "ఈసారి దొరికితే కాగితాలు తీసుకురా, మనిషిని తేనక్కర్లేదు అన్నారు."

నారాయణరావు ఫోను అందుకున్నాడు. ఎక్స్‌ఛేంజికి తన హోదా చెప్పి, విస్సన్నపేట పోస్టాఫీసుకి అర్జెంటుగా కలపమన్నాడు. సుభద్ర పరుగున బయటికెళ్ళి డిపార్టుమెంటు జీపు డ్రైవరుని లేపి, బండి తియ్యమని చెప్పి వచ్చింది. ఆమె తిరిగొచ్చేసరికి లైను కలిసింది.

"ముందు పోలీసులకి కబురుపెట్టండి," అంటున్నాడు నారాయణరావు. "ఆ తర్వాత మీ పోస్ట్‌మన్‌ని సైకిలు మీద ఒక తోటకి పంపాలి. చిన్నరాయప్ప అని, వాళ్ళ బావమరిది అక్కడ కాపలా…"

అవతలి మాటకి ఆయన ఆగిపోయాడు. రిసీవరుని తన చెవికీ ఆమె చెవికీ మధ్య ఉండేలా సుభద్ర వైపు వంచాడు. దూరంగా, గరగరల మధ్య, విస్సన్నపేట పోస్టుమాస్టరు గొంతు ఉత్సాహంగా వినిపించింది.

"ఆ తోటేనా సార్? ఇందాకే జీపులో ఎవరో నలుగురు వచ్చి మన ఆఫీసులో దారి అడిగారండీ. పెద్దమనిషి, పోస్టల్ ఏజెంటునని చెప్పారు. తోటల్లో తప్పిపోతారని మా పోస్ట్‌మన్‌ని తోడిచ్చి పంపాను. పది నిమిషాల్లో మళ్ళీ తెచ్చి దింపేస్తామన్నారు." కాసేపు గరగర. "ఇరవై నిమిషాలు దాటింది సార్. మావాడింకా తిరిగి రాలేదు."